కూలి ఇచ్చాక బాకీ తీరిందా?



కొలిమి దగ్గర మన పని ఇన్నాళ్లూ ఇంటి పనే. తండ్రి సమ్మెట వేస్తే కొడుకు పట్టకారు పట్టాడు, తల్లి తిత్తి ఊదింది. ఎవరికెంత కూలి అన్న మాటే రాలేదు. వచ్చిందంతా ఒకే పొయ్యి మీదికి చేరేది. ఇప్పుడు కొన్ని ఇళ్లలో కత్తులు, కడాయిలు, కడాలు ఫోన్‌లో ఫోటో పెట్టి అమ్ముతున్నారు. ఆర్డర్లు పెరిగితే ఇంటి చేతులు చాలవు. ఫోటోలకు ఒకరు, ప్యాకింగుకు ఇద్దరు, లెక్కకు ఒకరు కావాలి. నిన్న కూలికి వెళ్లిన మనమే నేడు కూలి ఇచ్చేవాళ్లమవుతాం. అప్పుడు వచ్చే ప్రశ్న ఇది: నెల తిరగగానే కూలి చేతిలో పెడితే ఆ మనిషికి మన బాకీ తీరినట్టేనా?

ఈ ప్రశ్న బస్తర్‌లో మరీ గట్టిగా వినిపిస్తుంది. విజయవాడ వైపు నుంచి భద్రాచలం, కుంట, సుక్మా మీదుగా జగదల్‌పూర్ చేరే 30వ నంబరు జాతీయ రహదారిపై ఇంకా ముందుకు పోతే కొండగావ్ వస్తుంది. అక్కడి లోహార్లు ఇనుమును బొగ్గుల కొలిమిలో కాల్చి, సమ్మెటతో సాగగొట్టి జింకలు, దీపాలు చేస్తారు. ఘడ్వాలు మైనపు అచ్చుతో ఢోక్రా బొమ్మలు పోస్తారు. ఈ రెండు కళలకూ భౌగోళిక గుర్తింపు ఉంది. కొండగావ్ ఢోక్రా శిల్పి జైదేవ్ బఘేల్ పేరు దేశం దాటి వెళ్లింది. అలా పేరు నిలిచినవారు మాత్రం కొద్దిమందే. వారపు సంతలో బొమ్మ చేయి మారాక చేసినవాడి పేరు దాని వెంట రాదు. కొనేవారికి ఫోన్‌లో కనిపించేది బొమ్మ, ధర, అమ్మేవాడి పేరు.

ఈ బాధ మనకు కొత్త కాదు. గురు హరగోబింద్ సాహిబ్ కాలం నుంచి గురు దళాలకు ఆయుధాలు చేసి, సానపట్టిన వంశాలు మనవి. ఆ కత్తి పట్టిన వీరుల పేర్లు చరిత్రలో ఉన్నాయి, సానపట్టిన చేతుల పేర్లు చాలావరకు లేవు. ఊరూరా తిరిగి బకెట్లు, తాళంచెవులు చేసిన మన పెద్దలను ఠాణాలు దొంగలను చూసినట్టు చూసిన రోజులూ ఉన్నాయి. పేరు లేకపోవడం, నమ్మకం దక్కకపోవడం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లం, మన గుమ్మంలో పనికి చేరినవారికి అదే చూపిస్తే ఎలా?

గురు నానక్ సాహిబ్ సుల్తాన్‌పూర్‌లో నవాబు దౌలత్ ఖాన్ లోధీ మోదీఖానాలో ఉద్యోగం చేశారు. సరుకు తూచి ఇచ్చే పని అది. ఆయన ఖజానా పంచిపెడుతున్నారని చాడీలు చెప్పారు. లెక్క చూశారు, సరిగ్గా ఉందని తేలింది. ఈ సాఖీలో యజమానికీ పాఠముంది. లెక్క చూడడం అవమానం కాదు, చాడీ విని లెక్క చూడకుండానే తీర్పు చెప్పడం అన్యాయం. సరుకు ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్నది రోజూ అందరి ముందూ రాస్తే, ఆ పుస్తకం యజమానికంటే ముందు పనివాడినే కాపాడుతుంది.

ఎవరిని పనిలో పెట్టుకోవాలి? మేనల్లుడు ఖాళీగా ఉన్నాడు, పక్క బస్తీ అమ్మాయికి లెక్కలు బాగా వచ్చు. బంధువును కాదంటే ఇంట్లో గొడవ. గురు నానక్ సాహిబ్‌కు ఇద్దరు కుమారులున్నా, 1539లో గురుగద్దీని సేవలో నిలిచిన భాయీ లహనాకు అప్పగించారు. ఆయనే గురు అంగద్ సాహిబ్. మేనల్లుడికి అన్నం పెట్టడం మన ధర్మం, పని నేర్పించడమూ మన ధర్మమే. రాని పనిని అతనికి అప్పగించి, ఆ బరువు ఆ అమ్మాయి మీద వేస్తే అది ఆమె కష్టాన్ని దోచుకోవడమే.

ఇక అసలు పరీక్ష, వెనక్కి తిరిగి వచ్చిన పార్సిల్. కొన్నవారు వద్దన్నారు, దారిలో పిడి విరిగింది. కొందరు ఆ నష్టాన్ని ప్యాకింగు చేసినవారి కూలిలోంచి కోస్తారు. 'అజాగ్రత్తకు శిక్ష లేకపోతే దుకాణం మునుగుతుంది' అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ దీపావళికి లాభం రెట్టింపైనప్పుడు కూలి రెట్టింపు చేశామా? లాభంలో వాటా లేనివారికి నష్టంలో వాటా ఎక్కడిది? చట్టం కూడా ఇష్టం వచ్చినట్టు కోయనివ్వదు. నష్టం పనివాడి నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలని, కోత పెట్టే ముందు అతని మాట వినాలని ఒకప్పటి 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం చెప్పింది, 2019 వేతనాల స్మృతి కూడా అదే చెబుతుంది. కాబట్టి ముందు గట్టి అట్టపెట్టె ఇద్దాం, ఎలా చుట్టాలో నేర్పుదాం, ఆ తర్వాతే తప్పు ఎవరిదో అడుగుదాం. మలిక్ భాగో విందును వదిలి భాయీ లాలో రొట్టె తిన్న గురువు, మన పళ్లెంలో ఈ కోత డబ్బు ఉంటే ముట్టుకుంటారా?

వ్యాపారం ఇంకా పెరిగితే యజమానికీ పనివారికీ మధ్య మేస్త్రీ వస్తాడు. సిక్కు చరిత్రలో దూరపు సంగత్‌ల బాధ్యత మోసిన మసంద్‌లలో చాలామంది కాలక్రమంలో అహంకారంతో సంగత్‌నే పీడించారు. గురు గోబింద్ సింగ్ సాహిబ్ ఆ వ్యవస్థనే రద్దు చేసి, సంగత్‌ను నేరుగా తనతో కలుపుకున్నారు. మేస్త్రీ ఉండవచ్చు. అతన్ని దాటి మనతో మాట్లాడే దారి మాత్రం పనివారికి మూయకూడదు.

1699 వైశాఖీనాడు ఆనంద్‌పూర్‌లో గురు సాహిబ్ పంజ్ ప్యారేలకు అమృత్ ఇచ్చి, చేతులు జోడించి వారి నుంచే తానూ తీసుకున్నారు. చమ్‌కౌర్ గఢీలో ఐదుగురు సింగులు వెళ్లమని ఆదేశిస్తే ఆ మాట పాటించారు. నాయకత్వమంటే ఇదే. మన దుకాణంలో అది చిన్న పనిగానే కనిపిస్తుంది. 'ఈ కత్తి పదును కుదరలేదు, పంపొద్దు' అని ప్యాకింగు చేసే మనిషి అంటే, ఆర్డర్ ఆలస్యమైనా ఆపాలి. ఆమె కూలి ఆగకూడదు.

కూలి ఇవ్వడం బాకీలో మొదటి వాయిదా మాత్రమే. లెక్కలో నిజం, మాటలో గౌరవం, నేర్పే ఓపిక, చేసిన చేతికి పేరు మిగతా వాయిదాలు. వస్తువుతోపాటు చేసినవారి పేరు, వారు ఒప్పుకుంటే, చిన్న చీటీ మీద రాసి పంపుదాం. దానికయ్యే ఖర్చు ఎంత? దస్వంధ్ తీసే ముందు, ఈ నెల ఎవరి కూలి అయినా మన దగ్గర మిగిలిపోయిందేమో చూసుకుందాం. ఇంకొకరికి చెందినది మన చేతిలో ఉండగా తీసిన దస్వంధ్ గురువుకు చేరదు.