హద్దెరిగిన చెట్టు

క్రికెట్ చూసేవాళ్లందరికీ ఆస్ట్రేలియా జట్టు వేసుకునే పసుపు, ఆకుపచ్చ రంగులు తెలుసు. అక్కడివాళ్లకు ఆ రంగులు గుర్తుచేసేది ఒక చెట్టును. పేరు గోల్డెన్ వాటిల్, మన తుమ్మకు చుట్టం. ఆగ్నేయ ఆస్ట్రేలియాలో యూకలిప్టస్ అడవుల నీడన పెరుగుతుంది. 1988లో దాని పువ్వును జాతీయ పుష్పంగా ప్రకటించారు. ఏటా సెప్టెంబర్ 1న దాని పేరిట ఒక రోజు జరుపుకుంటారు.

ఇంత గౌరవం దక్కిన చెట్టు ఎత్తూ తక్కువే, ఆయుష్షూ తక్కువే. ముప్పై ఏళ్లు బతికితే ఎక్కువ. మర్రినీ రావినీ చూసి నిండు నూరేళ్లూ బతకమని దీవించే మనకు అది అల్పాయుష్షే. అయినా బాగా బతకడం గురించి ఆలోచించినప్పుడు నాకు మర్రి కంటే ముందు ఇదే మనసులో మెదులుతుంది.

దాని మొలకను దగ్గరగా చూడాలి. మొదటి ఆకులు అచ్చం మన తుమ్మ ఆకులే, సన్నని రెబ్బలతో ఉంటాయి. ఆ తర్వాత వచ్చే ఆకుల్లో కాడ వెడల్పవుతూ, రెబ్బలు తగ్గుతూ పోతాయి. కాడంతా పలకబారి, కొసన నాలుగు రెబ్బలు మాత్రం మిగిలిన ఆకు కూడా అదే మొక్కకు కనిపిస్తుంది. చివరికి రెబ్బలే ఉండవు. కొడవలిలా వంగిన దళసరి కాడే ఆకు పని చేస్తుంది. నీరు కరువైన చోట లేత రెబ్బలు తడిని దాచుకోలేవు. అందుకే వాటిని వదులుకుంది. పూయడం మాత్రం వదల్లేదు. చలికాలం చివర కొమ్మ కనపడకుండా పూస్తుంది.

వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు, కంది చేలో లాగే, గాలిలోని నత్రజనిని పట్టి దానికి అందిస్తాయి. ఆకు రాలినా, చెట్టు పోయినా ఆ సారం నేలకే. గింజల్ని చీమలు మోసుకుపోయి, కొసనున్న కొవ్వు ముక్క తిని, మట్టిలో వదిలేస్తాయి. అవి ఏళ్లకేళ్లు అలాగే ఉండి, కార్చిచ్చు వేడికి గట్టి పెంకు విచ్చుకున్నాక మొలుస్తాయి.

ఇదే చెట్టును దక్షిణాఫ్రికాకు తీసుకెళ్లి నాటితే అక్కడి పొదలను కమ్మేసి బెడదైంది. దాన్ని తినే పురుగులు అక్కడ లేకపోవడం ఒక పెద్ద కారణం. చివరికి దాని మొగ్గల్లో గుడ్లు పెట్టే చిన్న కందిరీగను ఆస్ట్రేలియా నుంచే తెప్పించి వదిలారు. చెట్టు గుణం మారలేదు, దాన్ని నిలవరించేవాళ్లు కరువయ్యారంతే. మన మంచితనంలోనూ చాలా భాగం మనల్ని ఆపే మనుషుల చలవేనని నేను నమ్ముతాను. అడ్డుచెప్పే పెద్దదిక్కు, నిలదీసే స్నేహితుడు, వాటా అడిగే తోబుట్టువు ఉన్న ఇంట్లో మనిషి హద్దులో ఉంటాడు.

మీకు చెట్టు నాటే జాగా ఉంటే, బయటి నుంచి తెచ్చిన ఆస్ట్రేలియా తుమ్మకు బదులు మన నల్లతుమ్మను వేయండి. దాన్ని మేసే మేకలూ, తొలిచే పురుగులూ ఇక్కడే ఉన్నాయి.