ఆలస్యం ఎవరి లెక్కలో?

తిరుమలగిరి సాగర్ మండలంలోని తండాల్లో నలభై దాటిన మనిషి పీజీలో చేరుతున్నానంటే ముందుగా వినబడే మాట ఒకటే. "ఇప్పుడు చదివి ఏం ఊడబొడుస్తవ్?" అడిగేది పగవాళ్ళు కాదు. సొంత అన్నదమ్ములు, బడిలో తోటి టీచర్లు, ఒక్కోసారి కన్నకొడుకే అడుగుతాడు. నవ్వుతూ అడిగినా అందులో న్యాయమైన ప్రశ్న ఒకటి ఉంది. ఇంట్లో డబ్బు కొంచెమే, చేతులు కొన్నే, రిజర్వేషన్ సీట్లు కొన్నే. వాటిని వయసు మళ్ళిన మనిషి తన చదువుకు వాడుకోవడం సబబేనా? తండాల్లో పుట్టి, బడుల్లో పాఠాలు చెబుతున్న మేము ఈ ప్రశ్నను దాటవేయకూడదు అనుకుంటున్నాము.

ముందు 'ఆలస్యం' అన్న మాటనే చూద్దాం. తెలంగాణ ప్రాంతంలో లంబాడీలకు ఎస్టీ గుర్తింపు వచ్చింది 1976 నాటి చట్టంతో. 2011 జనాభా లెక్కల నాటికి కూడా తెలంగాణ గిరిజనుల్లో అక్షరాలు వచ్చినవాళ్ళు సగం మందికి చేరలేదు. ఇప్పుడు నలభై అయిదేళ్ళున్న మనిషి చిన్నతనం ఎట్లాంటిదో దీన్నిబట్టి తెలుస్తుంది. కరువొస్తే తల్లిదండ్రులు వలస పోయేవాళ్ళు. పదో తరగతి, ఇంటర్ గట్టెక్కినవాడు టీటీసీ చేసి ఉద్యోగం దొరికితే చాలనుకున్నాడు. ఆ జీతం తమ్ముళ్ళ ఫీజులకు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళకు, ఎండిపోయిన బోరు అప్పుకు పోయింది. ఆడపిల్లకైతే ఆ మాత్రం అవకాశమూ లేదు, పదిహేడేళ్ళకే పెళ్ళి. వీళ్ళ చదువు ఆగింది బద్ధకంతో కాదు. ఇంకొకరు ముందుకు పోవాలని వీళ్ళు ఆగారు, లేదా ఎవరో ఆపారు. ఇరవై మూడేళ్ళకు పీజీ అయిపోవాలన్న లెక్క తాత చదివి, తండ్రి చదివిన ఇళ్ళది. ఆ లెక్కతో మన మనిషిని కొలిచి 'ఆలస్యం' అనడం తప్పు.

పత్తి ఇంతగా రాకముందు మన మెట్ట చేలల్లో ఏం చేసేవాళ్ళో పెద్దలకు తెలుసు. వానలు వెనకపడి పెసర, జొన్న అదను దాటితే చేను బీడు పెట్టలేదు, ఆముదం వేశారు. అదను తప్పింది ఒక పంటకే, చేనుకు కాదు.

అట్లా వెనక వేసిన పంటకు మన కళ్ళముందున్న ఉదాహరణ సీతక్క. ములుగు ప్రాంతపు కోయ బిడ్డ దనసరి అనసూయ చిన్న వయసులోనే నక్సలైట్ ఉద్యమంలోకి వెళ్ళారు. బయటికి వచ్చాక న్యాయశాస్త్రం చదివారు, ఎమ్మెల్యే అయ్యారు. 2022లో, యాభై దాటాక, ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి రాజనీతిశాస్త్రంలో పీహెచ్‌డీ పొందారు. ఆ పట్టాతో ఆమెకు కొత్తగా ఉద్యోగం రావాల్సిన అవసరం లేదు. మనం చూడాల్సింది ఆమె ఎంచుకున్న విషయాన్ని. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చి వరంగల్, ఖమ్మం అడవుల్లో బతుకుతున్న గొత్తికోయల వెలివేత, లేమి మీద ఆమె పరిశోధన చేశారు. ఇక్కడ ఎస్టీ గుర్తింపు దొరకక అవస్థ పడుతున్న జనం వాళ్ళు. ఇరవై రెండేళ్ళ విద్యార్థి చాలాసార్లు విశ్వవిద్యాలయంలో చేరాక ప్రశ్న వెతుక్కుంటాడు. బతుకులో దెబ్బలు తిన్న మనిషి ప్రశ్నను వెంటబెట్టుకుని వస్తాడు. పెద్ద వయసు చదువుకున్న బలం ఇదే.

కానీ ఇంతటితో మన ప్రశ్న తీరదు. 2022లో తెలంగాణలో గిరిజన రిజర్వేషన్ ఆరు నుంచి పది శాతానికి పెరిగింది. పెరిగినా ఒక్కో పీజీ కోర్సులో ఎస్టీ సీట్లు నాలుగైదు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి. జీతమున్న టీచర్ అందులో ఒకటి తీసుకుంటే, పక్క తండాలో డిగ్రీ ముగించి కూర్చున్న కూలివాళ్ళ బిడ్డకు అది దక్కకపోవచ్చు. చట్టం ఇద్దరికీ హక్కు ఇచ్చింది. హక్కు ఉన్నంత మాత్రాన వాడుకోవడం ప్రతిసారీ ధర్మం అవుతుందా?

కాదనే మేము అనుకుంటున్నాము. అయితే ఇక్కడ కొలవాల్సింది వయసును కాదు, అవసరాన్ని. పదిహేడేళ్ళకు చదువు మానిపించిన ఆడమనిషి పిల్లలు పెద్దయ్యాక, పైసా ఆదాయం లేకుండా, నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో సీటు అడిగితే అది ఆమెకు ఎప్పుడో రావాల్సిన సీటే. కుర్రవాళ్ళకు ఎంత హక్కుందో ఆమెకూ అంతే ఉంది. నెలనెలా జీతం వచ్చే మాకు మాత్రం ఇంకో దారి ఉంది. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాద్‌లోనే మొదలైంది. దాన్నే ఇప్పుడు అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటున్నాం. ఉద్యోగం చేసుకుంటూ, సెలవురోజుల్లో అధ్యయన కేంద్రానికి వెళ్ళి అందులో చదవవచ్చు. మేము అక్కడ చదివితే ఇంకొకరి సీటు, హాస్టల్ మంచం పోవు.

నిజమే, దూరవిద్యలో లైబ్రరీ, రోజూ వాదించే స్నేహితులు, గురువుతో ముఖాముఖి అంతగా దొరకవు. ఆ లోటు చిన్నది కాదు. ఎవరి విషయం రెగ్యులర్ తరగతి లేకుండా సాగదో వాళ్ళు చేరాల్సిందే. చేరేముందు తమకంటే అవసరమున్నవాళ్ళు ఆ వరుసలో ఉన్నారేమో ఒకసారి చూసుకోవాలి. ఆ చూపు చట్టంలో దొరకదు, మనలోనే ఉండాలి.

ఇంకో లెక్క ఇంటి లోపలిది. మగవాడు పరీక్షకు చదువుతుంటే భార్య పశువులకు మేత వేస్తుంది, చేనుకు పోతుంది, పిల్లలను చప్పుడు చేయవద్దని కసురుతుంది. ఆమె చదువుతానంటే మాత్రం వంట ఎవరు చేస్తారని ఇల్లంతా అడుగుతుంది. ఒకరి చాకిరి మీద నిలబడ్డ పట్టాలో ఆ ఒకరికీ వాటా ఉంది. ఆయన చదివిన రెండేళ్ళు ఆమె మోసింది కాబట్టి, తర్వాతి రెండేళ్ళు ఆమె చదువును ఆయన మోయాలి. మన తండాల్లో ఇది ఇంకా మాటల్లోకి కూడా రాలేదు. రావాలి.

ఇక ఎందుకు చదవాలి? ప్రమోషన్ కోసం చదివితే అందులో సిగ్గుపడాల్సింది లేదు, జీతం పెరిగితే ఇల్లు నిలబడుతుంది. పేరు ముందు ఒక బిరుదు కోసమే అయితే మాత్రం ఆ ఖర్చుకు తగిన ఫలం కాదు. మన భాషకు లిపి లేదు. భాటుల పాటల్లో ఉన్న వంశాల కథలు వాళ్ళతోనే పోతున్నాయి. సాగర్ జలాశయం పక్కనే ఉండి నీళ్ళకోసం ఎదురుచూసిన మెట్ట ఊళ్ళ కథ మనం సరిగా రాసుకోలేదు. వీటిని రాయడానికి మన యాడీ మాట తెలిసినవాళ్ళు, ఊరి ముసలివాళ్ళ దగ్గర కూర్చుని వినే ఓపిక ఉన్నవాళ్ళు కావాలి. ఆ ఓపిక వయసుతోనే వస్తుంది.

చదువుకునే పిల్లలతో ఒక మాట. మీ ఇంట్లో, మీ బడిలో ఎవరైనా నలభై ఏళ్ళకు పుస్తకం పట్టుకుంటే నవ్వకండి. మీరు ఇవాళ అదనుకు చదవగలుగుతున్నది వాళ్ళు తమ అదనును మీకు వదిలిపెట్టినందుకే. తోటి టీచర్లతో ఒక మాట. మనం చదవాలి, కానీ మనవెనక ఉన్నవాళ్ళ దారికి అడ్డం నిలబడి కాదు. పరీక్ష తప్పినా బడిపిల్లల ముందు దాచకుండా చెప్పి మళ్ళీ రాయాలి. టీచరు కూడా నేర్చుకుంటాడని, తప్పుతాడని, మళ్ళీ కూర్చుంటాడని వాళ్ళకు తెలిస్తే, రేపు ఏ కారణంతో చదువు ఆగినా అది అక్కడితో ముగిసిందని వాళ్ళు అనుకోరు.