మెరయని అంచు

తిరుమల మొదలు శ్రీశైలము వరకు సాగిన గిరిపంక్తిని ఆదిశేషుని శరీరముగా భావించుట పెద్దల సంప్రదాయము. శేషాచలము ఆయన పడగ, అహోబిలము నడుము, శ్రీశైలము తోక. ఆ నల్లమల కొండలకు తూర్పున గిద్దలూరు, మార్కాపురము కలవు. ఒకవంక ఏగిస, నల్లమద్ది, టేకు పెరుగు అడవి. ఒకవంక శ్రీ లక్ష్మీ చెన్నకేశవస్వామి సన్నిధి. బడిపిల్లల పలకలకు మార్కాపురము పేరొందినది. రాతిపలక ఎంత నునుపైనదైనను, చుట్టునున్న నాలుగు కొయ్యబద్దలు మూలలు కలిసి బిగిసిననే బిడ్డ చేతిలో నిలుచును. అట్టి కొయ్యను తిన్నగా చేయు పనిముట్టు చిత్రిక. దానినే వాడుకలో తోపడా యందురు. భక్తునకు పనికివచ్చు పాఠము అందు దాగియున్నది.

వడ్రంగము నేర్వవచ్చినవాడు కొయ్యను ముట్టుటకు ముందు సాన వద్ద కూర్చుండవలెను. చిత్రికలోని ఉలిని విప్పి, దాని ఏటవాలు ముఖమును సానరాతిపై ఆనించి, వాలు చెదరకుండ రుద్దవలెను. ఆ వాలు సుమారు 25 నుండి 30 డిగ్రీలు. కొంతసేపటికి అంచు వెనుకవైపున సన్నని జీర వ్రేలికి తగులును. అప్పుడు ఉలి వీపును సానపై పూర్తిగా పరచి ఆ జీరను తీసివేయుదురు. పదును కుదిరినదని తెలియుటెట్లు? అంచును వెలుగునకు ఎదురుగా పట్టి చూతురు. మొద్దుబారిన అంచు తెల్లని గీతవలె మెరయును. పదునైన అంచు కంటికి కానరాదు.

అహంకారమునకు ఇంతకన్న తేటయైన దృష్టాంతము అరుదు. స్వామి రథమునకు కలప తానిచ్చితిననియు, ఉత్సవమున తానే ముందు నిలిచితిననియు చాటుకొనువాని సేవ మెరయు అంచు వంటిది. అదియును సేవయే, కాని దానికింకను సాన కావలెను. రథమును లాగు జనులకు పైనున్న అలంకారములు కనబడును గాని, లోపల కొయ్యకు కొయ్య బిగిసిన అతుకులు కనబడవు. స్వామి బరువు మోయునవి అవియే గదా!

కొయ్యను చదరము చేయుటలో ఒక క్రమము కలదు. మొదట ఒక ముఖమును చదును చేసి, తిన్నని బద్దను అడ్డముగను ఐమూలగను నిలిపి, సందున వెలుగు దూరలేదని నిశ్చయించుకొని, ఆ ముఖమునకు గుర్తు పెట్టుదురు. దానిని ఆధారముగా గొని మూలమట్టముతో ప్రక్క అంచును సరిచేయుదురు. తక్కిన రెండు ముఖములును వీనినుండియే కొలువబడును. మొదటి ముఖము వంకరయైనచో తక్కినవియు వంకరలే. భక్తుని జీవితమున ఆ మొదటి ముఖము శరణాగతి. సంసారము, వృత్తి, దానధర్మములు దానినుండి కొలుచుకొనవలసినవే.

చిత్రిక పల్లమును తాకదు. ఎత్తుగా నున్న చోటునే గీకును. నారకు ఎదురుగా త్రోసినచో కొయ్య చిట్లును. అందుకే పనివాడు కొయ్య పోకడ చూచి త్రిప్పి పట్టును. ఆచార్యుడును శిష్యుని స్వభావమెరిగియే దిద్దును.

అన్నియు స్వామి కృపవలననే జరుగునప్పుడు సాధన ఎందులకని కొందరడుగుదురు. ఉలి తనంతట పదునెక్కదు, తనంతట కదలదు. ఆ రెండును పట్టిన చేతి పనులే. ఐనను ఉలికి లేని స్వాతంత్ర్యమొకటి భగవంతుడు జీవునకొసగెను. ఆ చేతికి లొంగవచ్చును, జారిపోవచ్చును. లొంగియుండుటయే సాధన.

ఒకసారి పట్టిన పదును చిరకాలము నిలువదు. చేవగల కొయ్య ఎంతటి ఉలినైనను మొద్దు చేయును. పనివాడు అందులకు కుంగడు, ఉలిని పారవేయడు. మరల సాన చేరును. నిత్యారాధనము, నామస్మరణము ప్రతిదినము విధింపబడుట ఇందుకే. నిన్నటి భక్తి నేడు సడలినదని చింతించు గృహస్థునకు ఇది ఊరట. చెన్నకేశవుని సన్నిధికి వచ్చు యాత్రికుడు తన అంచు ఇంకను మెరయుచున్నదేమో స్వామి దీపపు వెలుగున ఒకమారు చూచుకొనుగాక!