కాగితముతో తెంచిన స్నేహము

ధ్యాన భాగములు: మత్తయి 18:15–17, అపొస్తలుల కార్యములు 15:36–41, 2 తిమోతి 4:11



సహోదరునితో మనకు మాట తేడా వచ్చినప్పుడు మొదట ఎవరి యొద్దకు పోవలెను? మన ప్రభువు ఇచ్చిన జవాబు ఆదివారపు బడి పిల్లలకు సహితము తెలిసినదే. మొదట అతని యొద్దకే, ఒంటరిగా పోవలెను. అతడు విననియెడల ఒకరిద్దరిని వెంటబెట్టుకొని పోవలెను. అప్పటికిని విననియెడల సంఘమునకు తెలియజెప్పవలెను. ఇవి మూడు మెట్లు. క్రింది మెట్టునుండి పైకి ఎక్కవలసినవి. మనమైతే తరచుగా పై మెట్టుమీదికే దూకుదుము. అట్లు దూకినందువలన విడిపోయి, చాల కాలమునకు మరల కూడిన ఒక సంగీత బృందపు చరిత్రను ఈ మాసము మీ యెదుట పెట్టుచున్నాను. వారు మన దేశస్థులు కారు. వారి పాటలు ఆరాధన పాటలును కావు. అయినను వారి కథలో మన ముఖము మనకు కనబడుచున్నది.

అమెరికా దేశములో బాస్టన్ అను పట్టణమున 1986వ సంవత్సరములో పిక్సీస్ అను బృందము పుట్టినది. చార్లెస్ థాంప్సన్, జోయీ శాంటియాగో అను ఇద్దరు యువకులు కాలేజీ స్నేహితులు. వారు చదువు విడిచి గిటార్లు చేతబట్టిరి. మూడవ మనిషి కొరకు పత్రికలో ప్రకటన వేయగా దానికి జవాబిచ్చినది ఒక్కరే, కిమ్ డీల్ అను యువతి. ఆమె వచ్చినప్పుడు చేత వాయిద్యము లేదు. వారు కోరిన బాస్ గిటారును ఆమె అంతకుముందు వాయించినదియు కాదు. అయినను ఆమెను చేర్చుకొనిరి. ఆమె భర్త చెప్పిన మాటమీద డేవిడ్ లవరింగ్ అనువాడు డ్రమ్ములు వాయించుటకు నాల్గవవాడుగా వచ్చెను. వట్టి చేతులతో వచ్చినవారిని చేర్చుకొను ప్రేమ మొదటి దినములలో ఉండును. మన సంఘములును అట్లే మొదలు కాలేదా? హార్మోనియము లేని దినములలో తాటాకు పాకలో చప్పట్లే తాళముగా మన పెద్దలు పాడిరి. అప్పుడు ముందు నిలుచుట ఎవరు, వెనుక నిలుచుట ఎవరు అను తగవు లేదు.

వారు వాయించినది రాక్ సంగీతము. అందులోను, పెద్ద కంపెనీలు అమ్ము వాడుక పాటలకు ఎడముగా నడచు ఆల్టర్నేటివ్ రాక్ అను శాఖకు చెందినవారు. పాట గుసగుసవలె మెల్లగా నడచుచు, ఒక్కసారిగా ఉరుమువలె లేచి, మరల అణగుట వారి పద్ధతి. 1987 మొదలుకొని 1991 వరకు ఏటికొకటి చొప్పున అయిదు రికార్డులు చేసిరి. 1989లో వచ్చిన డూలిటిల్ అను రికార్డు ఇంగ్లండు అమ్మకపు పట్టికలో 8వ స్థానమునకు చేరెను. లోకమంతట పేరుపొందిన నిర్వాణ బృందపు గాయకుడు కర్ట్ కొబేన్, తన ప్రఖ్యాతమైన పాట కట్టునప్పుడు పిక్సీస్ పద్ధతినే అనుకరింప జూచితినని 1994లో ఒక పత్రికతో ఒప్పుకొనెను.

ఇక్కడ ఒక సంగతి గమనించుడి. ఈ థాంప్సన్‌కు దేవుని వాక్యము తెలియనిది కాదు. అతని కుటుంబము పెంతెకొస్తు సంఘములో చేరినందున బాల్యమందే అతడు బైబిలు కథలు విన్నవాడు. లారీ నార్మన్ అను క్రైస్తవ గాయకుడు యాత్రికుని రమ్మని పిలుచు మాటను తమ మొదటి రికార్డుకు పేరుగా పెట్టెను. దావీదు బత్షెబల కథయు, సమ్సోను దెలీలాల కథయు డూలిటిల్‌లో పాటలైనవి. వాక్యము పాటలోనికి వచ్చినది. అయితే తగవు వచ్చిన దినమున వాక్యము చెప్పిన దారి మాత్రము జ్ఞాపకమునకు రాలేదు. ఇది అతనినొక్కనినే అనుచున్న మాట కాదు. ఎన్ని కీర్తనలు కంఠస్థము వచ్చినవారు మన బల్లలమీద ఒకరి ముఖము ఒకరు చూడక కూర్చుండుట లేదు?

పేరు పెరిగినకొలది లోపల పగులు పెరిగెను. పాటలు దాదాపుగా అన్నియు థాంప్సన్‌వే. కిమ్ డీల్ కూడ పాటలు వ్రాయగలది. 1989లో జర్మనీలోని స్టుట్‌గార్టు పట్టణమున, వేదికమీదనే, అతడు తన గిటారును ఆమె వైపు విసరెను. ఆమె వేరొక బృందము కట్టి 1990లో తన రికార్డు తాను చేసెను. 1992లో యూ2 అను గొప్ప బృందమునకు ముందు వాయించుచు అమెరికాలో నలుగురును ఒకటిగా తిరిగిరి. కాని కలిసి తిరుగుట వేరు, కలిసియుండుట వేరు.

1993 జనవరిలో థాంప్సన్ బీబీసీ రేడియోలో మాటలాడుచు, పిక్సీస్ ముగిసినదని ప్రకటించెను. ఆ మాట తోటివారికి ముందుగా తెలియదు. పిమ్మట శాంటియాగోకు టెలిఫోను చేసెను. కిమ్ డీల్‌కును లవరింగ్‌కును ఫ్యాక్సు పంపెను. ఫ్యాక్సు అనగా టెలిఫోను తీగమీదుగా వ్రాతకు నకలు పంపు యంత్రము. ఏడేండ్లు ఒక్క వేదికమీద నిలిచినవారికి ఒక కాగితము!

ఆ మూడు మెట్లను మరల చూడుడి. ప్రభువు చెప్పిన వరుసలో లోకము అసలే లేదు. ఇక్కడ లోకమే మొదట విన్నది. ప్రభువు మొదట పెట్టినది ముఖాముఖి మాట; ఇక్కడ అది కడపటికైనను రాలేదు. మెట్లు తలక్రిందులైనవి. ఫ్యాక్సు నేడు దాదాపుగా పోయినది, కాని తలక్రిందుల వరుస పోలేదు. సహోదరుని గడప త్రొక్కకముందే సంతకముల అర్జీ పై అధికారులకు చేరుచున్నది. సంఘపెద్ద వినకముందే అతని తప్పు వాట్సాప్‌లో ఊరంతయు చదువుచున్నది. పక్క వీధిలో నున్న మనిషి సంగతి జిల్లా కోర్టు చెప్పవలసి వచ్చుచున్నది.

పదకొండు సంవత్సరములు ఆ నలుగురు ఒక్క వేదిక ఎక్కలేదు. లవరింగ్ డ్రమ్ములు విడిచి ఇంద్రజాలము చేయుచు తిరిగెను. శాంటియాగో సినిమాలకును టెలివిజనుకును సంగీతము కట్టెను. వారు లేని కాలములోనే వారి పాటలకు వినువారు పెరిగిరి. 2003లో ఒకరికొకరు ఫోనులు చేసికొని, సందడి లేక సాధనకు కూర్చుండిరి. 2004 ఏప్రిల్ 13న మినియాపొలిస్ పట్టణములో మరల వాయించిరి. యాత్ర ప్రకటించినంతనే చాల ఊళ్లలో టిక్కెట్లు నిమిషములలో అమ్ముడుపోయెను.

ఇక్కడ కథ ముగిసియుండిన యెడల ఎంత బాగుండును! కాని ఆ యాత్రనుగూర్చి తీసిన చిత్రమొకటి 2006లో వచ్చెను. అందులో వేదికమీద సంగీతము చక్కగా కలిసినది. వేదిక దిగిన తరువాత నలుగురి మధ్య మాటలు బహు తక్కువ. 2012లో వేల్సు ప్రాంతమున క్రొత్త రికార్డు చేయుచుండగా తాను వెళ్లిపోవుచున్నానని కిమ్ డీల్ తోటివారికి చెప్పెను. 2013 జూనులో అది లోకమునకు తెలిసెను. ఈసారి వరుస సరిగా నుండెను: మొదట తోటివారికి ముఖాముఖిగా, తరువాత లోకమునకు. మిగిలినవారు 2014లో, 23 సంవత్సరముల తరువాత, ఆమె లేకయే రికార్డు వెలువరించిరి. స్వరములు కలియుటకు సాధన చాలును. మనస్సులు కలియుటకు ఒకరినొకరు వెదకికొని పోయి, దాచుకొన్న మాట బయటపెట్టవలెను.

అయితే విడిపోవుటయే పాపమా? కాదు. పౌలును బర్నబాయు విడిపోయిరి. పంఫూలియలో తమ్మును విడిచిపోయిన మార్కును మరల వెంట తీసికొనుటకు పౌలు ఒప్పుకొనలేదు. వారి వాదము తీక్ష్ణమైనదే, కాని అది ఒకరి యెదుట ఒకరు నిలిచి చేసిన వాదము. బర్నబా మార్కును తీసికొని కుప్రకు పోయెను. పౌలు సీలతో సిరియ, కిలికియల దారి పట్టెను. సంవత్సరములు గడచెను. కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో మార్కు పౌలునొద్దనే యున్నాడు. అతని చేర్చుకొనుడని పౌలు సంఘమును కోరుచున్నాడు. కడపటి దినములలో, చెరసాలలో, మార్కును తోడుకొని రమ్మనియు అతడు పరిచారమునకు ప్రయోజనకరుడనియు తిమోతికి వ్రాయుచున్నాడు. ఒకనాడు పనికిరాడన్న నోరే నేడు పనికివచ్చునని చెప్పినది. పౌలు కూడ కాగితమునే వాడెను. అయితే తెంచుటకు కాదు, పిలుచుటకు.

ప్రియులారా, వచ్చు ఆదివారము ప్రభువు బల్ల యున్నది. ఈలోగా ఏడు సాయంకాలములు మీ చేత నున్నవి. మీ మనస్సు ఎవరి పేరు తలచి ముడుచుకొనుచున్నదో వారి అరుగుమీదికి ఒక సాయంకాలము పోవుడి. సాక్షిని తీసికొని పోకుడి. కబురు పంపకుడి. కోపము వేడిగా నున్నయెడల ఒక రాత్రి ఆగి పోవుడి, కాని పోవుడి. మీ బాధను మీ నోటితో చెప్పుడి. వారి బాధను మీ చెవితో వినుడి. వారు వినకపోవచ్చును. అప్పుడు రెండవ మెట్టు ఉన్నది, దానికి పెద్దలు ఉన్నారు. మీరు మొదటి మెట్టు మీద నిలిచితిరా అనునదే ఆ దినమున ప్రభువు మిమ్మునడుగును.

ప్రార్థన: మమ్మును వెదకుటకు కబురు మాత్రమే పంపక నీ కుమారునే పంపిన తండ్రీ, మా సహోదరుని గడపకు నడచుటకు మా కాళ్లకు బలమిమ్ము. మా పాటలకంటె ముందు మా మనస్సులను కలుపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.