ఎదురుగాలిలో ఎవరి వంతు?

సుఖం అనుభవించడం తప్పా అన్న ప్రశ్నకు అభ్యుదయవాది జవాబు ఒకటే: తప్పు కాదు. శరీరాన్ని హింసించుకోవడమే పుణ్యమనే వైరాగ్యం మనది కాదు. అయితే ఒక సుఖం ఖర్చు ఎవరి లెక్కలో పడుతున్నదన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న అడగని నీతిశాస్త్రం జోకొట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఒక చిన్న ఉదాహరణ తీసుకుంటాను. 2023 ఫిబ్రవరిలో ఒక ఆదివారం మా సైకిలు క్లబ్బు హైదరాబాదు నుంచి చేవెళ్ల రోడ్డు మీద బయలుదేరింది. వాతావరణ శాఖ లెక్కలో ఫిబ్రవరి చలికాలమే. కాని ఆ తెల్లవారుజామున ఎవరికీ స్వెట్టరు అక్కర లేకపోయింది. ఎనిమిదింటికే చొక్కాలు తడిశాయి. “చలికాలమంటే ఇలా వుండాలి” అన్నాడొక మిత్రుడు. ఆ నెల దేశంలో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటు 29.54 డిగ్రీలనీ, 1901 నుంచి వున్న లెక్కల్లో ఏ ఫిబ్రవరిలోనూ అంత వేడి లేదనీ తరవాత తేలింది.

ఇలాంటి బృందప్రయాణానికి తనదైన నీతి వుంది. ముందున్నవాడు గాలిని చీలుస్తాడు. అతని చక్రాన్ని అంటిపెట్టుకుని వెనక తొక్కేవాడికి సుమారు మూడో వంతు శ్రమ తగ్గుతుంది. అందుకని ముందు నడిచే పని వంతులవారీగా మారుతుంది. ఎప్పుడూ వెనకే దాగేవాణ్ణి ఎవరూ గౌరవించరు. నీరసించినవాడి కోసం వేగం తగ్గించడం దయ కాదు, నియమం. దీన్ని ఎవరూ గ్రంథాలు చదివి నేర్చుకోలేదు, గాలే నేర్పింది.

ఆ రోడ్డుకు పేరు తెచ్చిన మర్రిచెట్ల నీడలో మేము ఆగినప్పుడు, హ్యాండిలుకు అన్నం క్యారియరు తగిలించుకుని పనికి పోతున్న కూలీ ఒకతను కూడా ఆగాడు. “ఇప్పుడే గిట్లుంటె ఎండకాలం ఎట్ల సార్?” అన్నాడు. అదే ఎండ, అదే రోడ్డు, ఇద్దరివీ సైకిళ్ళే. మాకది వ్యాయామం, అతనికి బతుకుతెరువు. ఎండ ముదిరేసరికి మేము ఇళ్ళు చేరి ఫ్యాను కింద కూచుంటాం. అతను ఇటుకలు మోస్తుంటాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి దాదాపు 45 కుటుంబాలకు సైకిలు వుంది. వాటిలో విహారానికి కొన్నవి ఎన్నో పాఠకులే వూహించవచ్చు.

“పెట్రోలు కాల్చేవాణ్ణి వదిలి సైకిలు తొక్కేవాణ్ణి నిందిస్తారేం?” అని అడగవచ్చు. నిందించడం నా వుద్దేశం కాదు. కాని మా వరసలోని కొన్ని సైకిళ్ళు బయలుదేరే చోటికి కార్ల మీద ఎక్కి వచ్చినవే. పైగా ఇది వ్యక్తుల శీలానికి సంబంధించిన విషయం కాదు. బొగ్గూ చమురూ కాల్చగా ఇంతవరకూ వెలువడిన బొగ్గుపులుసు వాయువులో దాదాపు నాలుగో వంతు ఒక్క అమెరికాదే. వేడి పుట్టించినవాడు ఒకడు, మోసేవాడు వేరొకడు. 2022 మార్చి ఎండలకు ఉత్తరాదిన గోధుమ గింజ నిండకుండానే ముడుచుకుపోయింది. మే నెలలో ప్రభుత్వం ఎగుమతులు నిషేధించింది. పంట పోయిన నష్టమూ, ధర పోయిన నష్టమూ రైతు మీదే పడ్డాయి. ప్రపంచమనే బృందంలో కొందరు నూరేళ్ళకు పైగా ఇతరుల వెనక దాగి సాగిపోతున్నారు. ఎదురుగాలి మాత్రం బక్కవాడి రొమ్ముకు తగులుతున్నది.

1894లో బర్మింగ్‌హాంలో సోషలిస్టు యువకులు క్లారియన్ సైకిలు క్లబ్బు పెట్టారు. వాళ్ళు విహారాలు మానుకోలేదు. ఆ విహారాల్లోనే తమ పత్రికనూ కరపత్రాలనూ వూరూరా పంచారు. వాళ్ళ స్నేహం చక్రాల వరసతో ఆగిపోలేదు.

కనక వెచ్చటి ఉదయాన్ని చూసి సంతోషించినవాడు పశ్చాత్తాపపడవలసిన పని లేదు. అపరాధభావం కూడా ఒక విలాసమే. ఖర్చు లేకుండా మనసును తేలికపరుస్తుంది. కావలసింది వంతు తీసుకోవడం. ఎండ ముదిరిన గంటల్లో కూలీకి పని ఆపే హక్కు, ఆ గంటలకు కూలి కోతపడకపోవడం, రోడ్ల పక్క చెట్లు నిలవడం, పొట్టకూటికి సైకిలు తొక్కేవాడు లారీలకు బలికాకుండా ఇల్లు చేరడం: వీటిని అడగవలసి వచ్చినప్పుడు మనం ముందుకు వస్తామా, వెనక దాగుతామా? వరసలోని పదిమందికి న్యాయమైన నియమం వరస దాటగానే అన్యాయం కాదు. వంతు వచ్చినా ముందుకు రానివాణ్ణి క్లబ్బులో ఏమంటామో, సమాజంలోనూ అదే అనాలి.