ఉరుముకు పెట్టిన పేర్లు

ఉరుముకు బెదరిన బిడ్డచేత అర్జునుని పది పేర్లు పలికించడం తెలుగు ఇండ్లలో పరిపాటి. దక్షిణ అండమాన్‌లోని గరాచర్మలో మబ్బు గర్జించినప్పుడు కూడ తెలుగువారి నోట ఆ పేర్లే రావడం సహజం. కాని ఆ నేల మీద అంతకు పూర్వమే ఉరుముకు వేరొక పేరున్నది. అక్కడి ఆకా-బియా జనులు దానిని పులుగ గొంతు అనేవారు. మెరుపు అతడు విసిరిన కొరవి. ఉత్తర అండమాన్‌లో 732 మీటర్ల ఎత్తున నిలిచిన సాడిల్ శిఖరం ఒకప్పుడు అతని నివాసం.

ఆంగ్లేయ అధికారి ఇ. హెచ్. మాన్ 1883లో ప్రకటించిన రచనలో పులుగను సృష్టికర్తగా, అమరునిగా, అసత్యానికి, చౌర్యానికి కోపించేవానిగా వర్ణించాడు. అందులో బైబిలు దేవుని పోలిక స్పష్టం. 1906-08లో ఆ దీవులలో పరిశోధించిన రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1922 నాటి తన గ్రంథంలో దీనిని అంగీకరించలేదు. ఉత్తరాదివారికి ఆ దైవం బిలికు అనే స్త్రీ అనీ, ఋతుపవనాలకే అది మానవరూపమనీ అతని వాదం. ఒకడు పులుగను తన దేవునిగా అనువదించుకున్నాడు. మరొకడు గాలివానగా అనువదించాడు.

ఇది కొత్త సంగతి కాదు. స్పెయిన్ వాయవ్య పర్వతాలలోని కందామియుస్ అనే దేవతను రోమనులు తమ ఉరుముల దేవుడైన జూపిటర్‌తో కలిపి, జూపిటర్ కందామియుస్ అని శిలపై చెక్కించారు.

ఇట్లా కలపడం గౌరవమా, అపహరణమా? పోలిక లేనిదే పరిచయం లేదు. ఎదుటివాని దైవంలో మన దైవాన్ని చూడగలగడం ఒక విధమైన స్నేహమే. అయితే ఆ స్నేహానికి ఒక పరీక్ష ఉన్నది: కలిపిన తరువాత కూడ ఆ దైవం మన మాటను కాదనగలదా? తేనెమైనం కరిగించితే పులుగకు కోపం వచ్చి తుపాను రేగుతుందని అండమానీయుల విశ్వాసం. ఈ మైనానికి జూపిటర్ వద్ద గాని, ఇంద్రుని వద్ద గాని చోటు లేదు. ఆ చిన్న విషయమే పులుగను పులుగగా నిలుపుతున్నది.

రోమను శిల రెండవ పేరును చెరిపివేయలేదు. అందువలననే కందామియుస్ నేటికీ మనకు తెలుసు. ఆకా-బియా భాష మాట్లాడేవారు నేడు లేరు. తన పక్షాన పలికేవారు లేని దైవం విషయంలో మన బాధ్యత రెట్టింపు. గరాచర్మలోని తల్లి బిడ్డకు అర్జునుని పేర్లు చెప్పవలసిందే. వాటి చెంత పులుగ పేరును కూడ చెప్పితే ఆ నేల ఋణం కొంత తీరుతుంది.