చిన్న అబద్ధం, మొద్దుబారే మనసు



పంచశీలాల్లో మనం ఎక్కువగా మాట్లాడుకునేది ఐదో శీలం గురించి. ఎవరు తాగుడు మానేశారు, ఎవరు మళ్లీ మొదలుపెట్టారు అన్నది వాడంతా తెలిసిపోతుంది. చంపడం, దొంగతనం, వ్యభిచారం అనేవి పెద్ద మాటలు, మన జోలికి రావనుకుంటాం. వీటి మధ్యలో నాలుగో శీలం, ముసావాదా వేరమణి, అంటే అబద్ధం ఆడకుండా ఉండటం, చడీచప్పుడు లేకుండా జారిపోతుంది. విహారంలో అందరితో కలిసి పాళీలో చెప్పి, బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే ఫోన్ మోగుతుంది. "ఆఁ అన్నా, బయల్దేరిన, తొవ్వల ఉన్న" అంటాం. రెండో చెప్పు ఇంకా కాలికి తొడగనే లేదు.

కిస్తీ వసూలుకు వచ్చిన మనిషి వాకిట్లో నిలబడితే పిల్లవాడితో "నాయిన ఊర్లె లేడు" అని చెప్పిస్తాం. పనికి పోని రోజు కూడా ఉపాధి హామీ మస్టర్లో పేరు పడితే ఊరుకుంటాం. ఏడేళ్ల పిల్లగాడు బస్సెక్కితే కండక్టర్ ముందు నాలుగేళ్లవాడు అవుతాడు. ధమ్మ తరగతుల్లో ఈ సంగతి ఎత్తితే ఎవరో ఒకరు అడుగుతారు, "గింత దానికే శీలం పోతదా అన్నా?" అని. మంచి ప్రశ్నే. గింత దానికి లోకమేమీ మునిగిపోదు. కానీ ఆ ప్రశ్నలో మనం కొలిచేది అబద్ధం సైజును. బుద్ధుడు కొలిచింది ఇంకోదాన్ని.

రాజగృహం దగ్గర అంబలట్ఠికలో రాహులుడు ఉంటున్నప్పుడు తథాగతుడు ఒక సాయంత్రం అతని దగ్గరికి వెళ్లాడు. రాహులుడు కొడుకే, కానీ అప్పటికి సంఘంలో చేరినవాడు. ఆసనం వేసి, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు పెట్టాడు. బుద్ధుడు కాళ్లు కడుక్కుని గిన్నె అడుగున కాసిని నీళ్లు మిగిల్చి చూపించాడు. తెలిసి తెలిసి అబద్ధమాడి సిగ్గుపడని వాడి శ్రమణత్వం ఈ మిగిలిన నీళ్లంతే అన్నాడు. ఆ కాసిని నీళ్లూ పారబోసి, అదీ ఇలాగే పోతుందన్నాడు. గిన్నెను బోర్లించాడు. మళ్లీ తిప్పి ఖాళీ గిన్నెను చూపించాడు. ప్రతిసారీ అదే మాట: అబద్ధమాడి సిగ్గుపడని వాడు. ఆ అబద్ధం వల్ల ఎంత నష్టం జరిగింది, ఎంతమంది మోసపోయారు అని ఆయన అడగలేదు. సిగ్గు ఉందా పోయిందా, అదొక్కటే అడిగాడు.

తర్వాత యుద్ధం ఏనుగు సంగతి చెప్పాడు. ఏనుగు కాళ్లతో, దంతాలతో, తోకతో కూడా పోరాడుతుంది గానీ తొండాన్ని మాత్రం దాచుకుంటుంది. అంటే దానికింకా ప్రాణం మీద ఆశ ఉన్నట్టు. తొండం కూడా వాడటం మొదలుపెట్టిందంటే ఇక అది చేయలేని పని లేదు. తెలిసి అబద్ధమాడటానికి సిగ్గుపడని మనిషి కూడా అంతేనన్నాడు. నవ్వులాటకు కూడా అబద్ధం ఆడొద్దని రాహులుడికి చెప్పాడు.

ఈ ఉపదేశం చిన్నపిల్లవాడికి చెప్పిన నీతికథ అని కొందరు తేలిగ్గా తీసేస్తారు. అశోకుడు అట్లా తీసేయలేదు. రాజస్థాన్‌లో బైరాట్ దగ్గర దొరికిన ఆయన శాసనం ఇప్పుడు కోల్‌కతా ఏసియాటిక్ సొసైటీలో ఉంది. భిక్షువులు, భిక్షుణులు, ఉపాసకులు, ఉపాసికలు మళ్లీ మళ్లీ వినాలని ఆయన అందులో ఏడు ధమ్మ ఉపదేశాల పేర్లు చెక్కించాడు. చివరిది అబద్ధం గురించి రాహులుడికి చెప్పిన ఉపదేశమే. అంత పెద్ద రాజ్యం ఏలినవాడికి, చుట్టూ అధికారుల నివేదికలు చదివినవాడికి, ఈ చిన్న అబద్ధాల సంగతి మనకంటే బాగా తెలిసి ఉంటుంది.

మన క్రైస్తవ బంధువులు ఒక మాట అడుగుతుంటారు. "మీకు దేవుడే లేడంటరు, మరి ఎవరికి భయపడి నిజం చెప్తరు?" వాళ్ల ప్రశ్నలో వ్యంగ్యం ఉన్నా, అందులో పట్టుకోవలసినది కూడా ఉంది. పైనుంచి చూసేవాడు ఉన్నాడని నమ్మినవాడికి కనీసం ఒక కాపలా ఉంది. మనకు అది లేదు. మనకున్నవి రెండే, హిరి, ఒత్తప్ప. హిరి అంటే లోపల కలిగే సిగ్గు. ఒత్తప్ప అంటే దీనివల్ల ఏం జరుగుతుందోనన్న భయం. ఈ రెండూ లోకాన్ని కాపాడేవి అని బుద్ధుడు చెప్పాడు. దేవుణ్ని తీసేసినవాళ్లకు ఈ రెండింటి అవసరం ఇంకా ఎక్కువ. ఇవి నిద్రపోతే మనల్ని లేపడానికి వేరే ఎవరూ రారు.

ఇవి నిద్రపోయేది ఎట్లా? భూపాలపల్లి వైపు బొగ్గుగనిలో దిగినవాళ్లను అడిగితే చెప్తారు. భూమి లోపల పైకప్పు బాగుందా లేదా అని కడ్డీతో కొట్టి చూడటం పాత పద్ధతి. గట్టి బండ ఖంగుమంటుంది. లోపల పొర విడిచిన బండ డొల్లగా పలుకుతుంది. చూపుకు రెండూ ఒకటే, చెవికే తేడా తెలుస్తుంది. ఇప్పుడు ఒకడు బండను కొట్టకుండానే కొట్టి చూశానని పుస్తకంలో రాశాడనుకుందాం. ఆ రోజు ఏమీ కూలదు. మర్నాడు కూడా రాస్తాడు, కూలదు. నెల గడిచేసరికి కూలకపోవడమే అతనికి సాక్ష్యం అవుతుంది. చేయి కడ్డీ మీదికి పోవడం మానేస్తుంది. చెవి ఆ చప్పుడును మరిచిపోతుంది. అతను చెడ్డవాడేం కాదు, ఇంటికి పోతే పిల్లలను ముద్దు చేసే మనిషే. అబద్ధం వెంటనే శిక్షించదు. ఆ ఊరుకోవడమే దాని పాఠం.

బజారుకు వద్దాం. జనగామ మార్కెట్ యార్డులో పత్తి, కేసముద్రంలో మిర్చి. సీసీఐ వాళ్లు పత్తి తేమను మీటర్‌తో చూస్తారు. 8 శాతం లోపు ఉంటే పూర్తి మద్దతు ధర. 12 దాకా ఉంటే కోత పెట్టి కొంటారు. అది దాటితే తీసుకోరు. అమ్మేది ప్రైవేటు వ్యాపారికైతే రాత్రిపూట పత్తి మీద కాసిని నీళ్లు చల్లే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది: "వాడు తరుగు తీస్తలేడా? కాంటాల కొడ్తలేడా? మరి మనం చల్లితే తప్పేంది?" ఇక్కడ వ్యాపారి తప్పును మనం తక్కువ చేయనక్కర్లేదు. కానీ లెక్క చూడండి. నీళ్లు చల్లినందుకు వ్యాపారి తన లాభంలోంచి ఒక్క రూపాయి వదులుకోడు. అందరూ చల్లుతున్నారనే పేరు మీద అందరికీ తరుగు తీస్తాడు. చల్లని రైతుకు కూడా తీస్తాడు. ఆ చల్లని రైతు మన పక్కింటి కౌలుదారో, ఒంటరి ఆడమనిషో అయి ఉంటుంది. మనం దొర మీద ఎక్కుపెట్టామనుకున్న అబద్ధం తిరిగొచ్చి వాడలోనే పడుతుంది. మనిషి ఒంటరిగా ఉంటే ధమ్మం అక్కర్లేదని, ఇద్దరు కలిసి బతికేచోట అది లేకుండా కుదరదని బాబాసాహెబ్ అన్నది ఇట్లాంటి చోటే అర్థమవుతుంది.

ఇక అసలు కష్టమైన చోటికి వస్తున్నాను. అణగారినవాళ్లకు అబద్ధం చాలాసార్లు మోసం చేసే పని కాదు, తలదాచుకునే చోటు. పట్నంలో ఇల్లు అద్దెకు కావాలంటే ఇంటిపేరు మింగేసినవాళ్లు మనలో ఎంతమంది లేరు? వాళ్లకు నాలుగో శీలం గుర్తుచేయడం నాకు క్రూరంగా అనిపిస్తుంది. 1917లో బాబాసాహెబ్ విదేశాల్లో చదివి వచ్చి బరోడా సంస్థానంలో కొలువుకు వెళ్లినప్పుడు ఊళ్లో తలదాచుకునే చోటు దొరకలేదు. పార్శీల సత్రంలో పార్శీ పేరు రాయించుకుని దిగారు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి నిలదీసి వెళ్లగొట్టారు. ఆయన ఆ సంగతి కప్పిపెట్టలేదు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో పూసగుచ్చినట్టు రాశారు. దాన్ని తెలివితేటలని చెప్పుకోలేదు, అలవాటూ చేసుకోలేదు. అది ఆయనకు చివరిదాకా గాయంగానే మిగిలింది. బలవంతాన ఆడిన అబద్ధానికీ అలవాటైన అబద్ధానికీ తేడా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. మొదటిది నొప్పి పెడుతుంది. రెండోది పెట్టదు.

నొప్పి పెట్టేది పెట్టకుండా ఎట్లా పోతుందో మన పక్కనే చూడొచ్చు. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్‌కు 1912 డిసెంబరులో వి.ఎస్. అజరయ్య బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆ రోజుల్లో మాల మాదిగ వాడలు వాడలుగా ఆ సంఘంలో చేరాయి. మురికి, రోగం, అప్పు, తాగుడు, ఈ నాలుగింటి మీద ఆయన యుద్ధమే చేశారు. మన తాతల్లో కొందరు నాలుగక్షరాలు నేర్చింది ఆ చర్చి బడుల్లోనే, ఆ రుణం మనం కాదనలేం. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువు కానివాడు ఎస్సీ కాడన్నది. 1956లో సిక్కులను చేర్చారు. క్రైస్తవులను ఈనాటికీ చేర్చలేదు. వాళ్లు బీసీ-సీ కిందికి వస్తారు, ఒక్క శాతం. అందుకని ఆదివారం చర్చిలో ఒక పేరు, సోమవారం తహసీల్దార్ ఆఫీసులో ఇంకో పేరు. మొదటి తరం వాళ్లకు 'హిందూ' అని రాసేటప్పుడు చెయ్యి వణికి ఉంటుంది. వాళ్ల కొడుకులు "ఏ కాలమ్‌ల రాయాలె" అని మాత్రమే అడిగారు. మనవలకు అది అబద్ధమన్న సంగతే తెలియదు. ఒక మనిషి మనసు మొద్దుబారడానికి ఏళ్లు పడితే, ఒక సమాజం మనసుకు మూడు తరాలు చాలు.

2024 నవంబరు 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో, క్రైస్తవం పాటిస్తూ రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని తీర్పు ఇచ్చింది. కోర్టుకు ఆ మనిషి అబద్ధం కనిపించింది. బాప్తిస్మం తీసుకోగానే అంటరానితనం పోతుందని చట్టం ఆడుతున్న అబద్ధం కనిపించలేదు. దళిత క్రైస్తవుల ఈ అవస్థను చూసి మనం నవ్వితే అది మైత్రి కాదు. పైగా మనకు ఆ హక్కు కూడా లేదు.

ఎందుకు లేదంటే, మన దగ్గర తలుపు తెరిచే ఉంది. దీక్షాభూమిలో 1956 అక్టోబరు 14న ధమ్మ దీక్ష జరిగిన తర్వాత 34 ఏళ్లపాటు బౌద్ధులను కూడా ఆ ఉత్తర్వు బయటే నిలబెట్టింది. అప్పుడు బౌద్ధమని రాసినవాళ్లు నష్టపోతామని తెలిసే రాశారు. 1990లో చట్టం మారింది. బౌద్ధుడైన ఎస్సీ ఇప్పుడు ఎస్సీయే, హక్కు ఎక్కడికీ పోదు. అయినా 22 ప్రతిజ్ఞలు చదివి, ఇంట్లో పటాలు మార్చి, పెళ్లి బౌద్ధ పద్ధతిలో చేసుకుని, బడి దరఖాస్తు దగ్గరికి రాగానే మనోళ్లలో చాలామంది 'హిందూ' అనే రాస్తున్నారు. ఆ ఒక్క ముక్క రెండు ప్రతిజ్ఞలను ఒకేసారి తప్పుతుంది, హిందూ మతాన్ని వదులుతున్నానన్నదాన్నీ, అబద్ధం ఆడనన్నదాన్నీ. ఎందుకంటే, "క్లర్కుకు తెల్వదన్నా, సతాయిస్తడు" అంటారు. నిజమే, సతాయిస్తారు. రేపే స్కాలర్‌షిప్ ఆఖరు తేదీ అయిన పిల్ల తండ్రిని పోయి పోట్లాడమని నేను చెప్పను. కానీ సతాయించేవాడు ఎవరూ లేనిచోట కూడా అదే రాస్తున్నామే, అది చూసుకోవాలి. 2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వేకు వచ్చిన టీచరమ్మకు మతం దగ్గర ఏం చెప్పారో గుర్తు చేసుకోండి. అక్కడ భయం లేదు, నష్టమూ లేదు. నాలుకకు అలవాటైన మాట వచ్చింది, అంతే.

రాహులుడికి బుద్ధుడు చివరగా అద్దం గురించి చెప్పాడు. అద్దం ఎందుకు, చూసుకోవడానికే కదా. మాట అనేముందు, అంటున్నప్పుడు, అన్న తర్వాత, మూడుసార్లు చూసుకోమన్నాడు. తప్పు జరిగిందని తెలిస్తే గురువు దగ్గరో, తెలిసిన తోటివాళ్ల దగ్గరో విప్పి చెప్పమన్నాడు. క్షమించేవాడి కోసం పైకి చూడమనలేదు, పక్కనున్న మనిషికి చెప్పమన్నాడు. విహారంలో వందన అయ్యాక కాసేపు కూర్చుని ఈ వారం ఏ మాట తప్పామో ఒకరికొకరు చెప్పుకునే అలవాటు కొన్ని చోట్లయినా మొదలైతే బాగుంటుంది. మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, కొందరు రావడం మానేయొచ్చు కూడా.

2027 జనగణనలో మతం, కులం రెండూ అడుగుతారు. ఎన్యూమరేటర్ మీరు చెప్పిందే రాసుకోవాలి, సర్టిఫికెట్ చూపమని అడగకూడదు. మతం బౌద్ధం అని, కులం మాలనో మాదిగనో అని చెప్తే ఎస్సీగానే నమోదవుతుంది. తెల్లకాగితం మీద ముందే రాసిపెట్టుకుంటే నాలుక తడబడదు. ఇంట్లో ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకోటి చెప్పకుండా ముందురోజు కూర్చుని మాట్లాడుకోండి. పిల్లలను కూడా కూర్చోబెట్టండి. "నాయిన ఊర్లె లేడు" అని మనం నేర్పినప్పుడు వాళ్లు విన్నారు, ఇదీ వింటారు.